సాక్షి సంతకం



పోయిన వారం హాస్టల్ అన్నం గురించి రాసిన భాగానికి చాలామంది పిల్లలు ఇన్‌బాక్స్‌లో వాళ్ళ వాళ్ళ హాస్టల్ కథలు పంపినారు. అన్నీ చదువుతున్నా, జవాబులు కొంచెం లేటవుతాయి. ఈ వారం వర్గీకరణ మీద రాస్తానని చెప్పినాను గానీ అది పక్కన పెట్టాల్సి వచ్చింది. మంగళవారం రాత్రి పదిన్నరకు ఒక స్నేహితుడు ఫోన్ చేసి, "అన్నా, ఈపొద్దు బోనెక్కినా" అన్నాడు. గంటన్నర మాట్లాడినాడు. తెల్లారి మళ్ళీ నేనే చేసి, నువ్వు చెప్పింది రాసుకోవచ్చునా అని అడిగితే, "రాయి. కానీ మనుషుల పేర్లు, ఊరి పేరు, కోర్టు పేరు రాయొద్దు. కేసు ఇంకా నడుస్తాంది" అన్నాడు. కాబట్టి ఇందులో ఆ పేర్లుండవు. కడప జిల్లాలో ఒక కోర్టు అనుకోండి, చాలు.

అతనూ నేనూ కర్నూల్లో ఒకే ఎస్సీ హాస్టల్. నాకంటే రెండేండ్లు చిన్న. నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' జిరాక్స్ కాపీ ఒకటి మా గదుల్లో తిరుగుతుండేది. మన కర్నూలు జిల్లా మాటల్లో, మన గేరి మాటల్లో కథ రాయొచ్చని మాకు తెలిసింది ఆ కాపీతోనే. సుందర్రాజు 2000లో చిన్న వయసులోనే పోయినాడు. ఆ కాపీకి చివరి పేజీలు ఊడిపోయి ఉండేవి. ఆఖరి కథ ముగింపు మావాడు సొంతంగా కల్పించి చెప్పేవాడు, రోజుకొక రకంగా. అట్లాంటోడు ఇప్పుడు డిగ్రీ కాలేజీ లెక్చరరు. బోనులో నిలబడి ఒక్క మాట కూడా కల్పించకుండా చెప్పాల్సి వచ్చింది.

ఒక పెద్దాయన వీలునామా మీద సాక్షి సంతకం పెట్టినాడు మావాడు. ఆ పెద్దాయన చనిపోయినాడు. ఇంకో సాక్షి, రిటైరైన పోస్టుమ్యాన్, ఆయనా పోయినాడు. వీలునామా కోర్టుకు పోతే సంతకం పెట్టిన సాక్షుల్లో బతికున్న ఒక్కరన్నా వచ్చి చెప్పాల. బతికుంది మావాడొక్కడే.

పెద్దాయన డ్రామా మేష్టరు. మావానికి మేనమామ వరస, కాబట్టి నేను కూడా ఇక్కడ మామ అనే రాస్తాను. ఈ కాలం పిల్లలకు డ్రామా మేష్టరు అంటే ఏందో తెలియకపోవచ్చు. కడప జిల్లా సురభి పేరు మీద నాటక సమాజం 1885లో పుట్టిందని, వాళ్ళు పర్దాలు, రథాలు, మాయలతో దేశమంతా తిరిగినారని పుస్తకాల్లో చదువుతారు. అది కుటుంబాల నాటకం. ఊర్లల్లో జరిగేది వేరే. శెనక్కాయ పెరికి కళ్ళం పని అయిపోయినాక, జనం చేతులు ఖాళీ అయినాక, ఊరోళ్ళే నాటకం నేర్చుకుంటారు. దానికి హార్మోనియం వాయించుకుంటా పద్యాలు, నడక, మాట నేర్పే మేష్టరును పిలుచుకొస్తారు. రెండు మూడు నెలలు ఊర్లోనే ఉంటాడు. ఇన్ని బస్తాల జొన్నలు, ఇంత డబ్బు అని ముందే మాట్లాడుకుంటారు. ఉగాదికో, శ్రీరామనవమికో, జాతరకో నాటకం. చంద్రమతి వేషానికి మాత్రం బయటినుంచి ఆడమనిషిని డబ్బులిచ్చి పిలుస్తారు.

మామ కోవెలకుంట్ల, బనగానపల్లె, జమ్మలమడుగు, మైదుకూరు వైపు ఊర్లన్నీ హార్మోనియం పెట్టె నెత్తిన పెట్టుకోని తిరిగినాడు. పగలు "ఏమిరా" అని పిలిచినోళ్ళే రాత్రి రిహార్సల్లో "మేష్టరూ" అని పిలిచేటోళ్ళు. ఇంటికో పూట అన్నం పెట్టేటోళ్ళు, అరుగు మీదికి రానియ్యకుండా. ఆయన తట్ట ఆయన సంచిలోనే ఉండేది. నేర్చుకునే రెడ్డి కొడుక్కు రాగం తప్పితే తొడ మీద చరిచి సరిచేసే చెయ్యి, పొద్దున ఆ ఇంటి నీళ్ళ తొట్టిని తాకగూడదు. ఇదంతా మామ నవ్వుకుంటా చెప్పేవాడంట. మావానికి మాత్రం చిన్నప్పుడు నవ్వు రాలేదంట.

ఎక్కువగా నేర్పింది సత్య హరిశ్చంద్ర. కాటి సీను మామే కట్టేవాడు, చివరి హరిశ్చంద్రుడు. నాటకం తెలిసినోళ్ళకు తెలుసు, హరిశ్చంద్రుణ్ణి ఒకరే వేయరు, సీనుకొకరు మారతారు, కాటి సీనుకు గొంతున్నోడు కావాల. అక్కడ ఒక చిత్రం ఉంది చూడండి. కథలో రాజు చండాలునికి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు, అయ్యో ఇంత బతుకు బతికి ఇట్లయిందే అని జనం ఏడుస్తారు. ఆ రాజు వేషం కట్టింది నిజంగా ఊర్లో కాటి పని చేసే కులపోడు. వేషం కడిగేసినాక ఎవరూ ఏడవరు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసింది, 1912 ప్రాంతంలో. కానీ కాటి సీనులో జనం వన్స్ మోర్ కొట్టి కొట్టి పాడించుకునే శ్మశానం పద్యాలు ఆయనవి కావు. గుర్రం జాషువావి. 'ఖండకావ్యం'లోవి. నటులు తీసుకోని నాటకంలో కలిపేసుకున్నారు, అవి అక్కడనే పుట్టినట్టు అతుక్కుపోయినాయి. మన సీమలో లక్షలమంది ఆ పద్యాలు విన్నారు. అవి రాసింది ఎవరని అడిగితే సగం మంది హరిశ్చంద్రుడే రాసినట్టు చూస్తారు. వినుకొండలో 1895లో మాదిగ తల్లికి, యాదవ తండ్రికి పుట్టినోడు, బతకడానికి రాజమండ్రిలో మూకీ సినిమాల తెర పక్కన నిలబడి జనానికి కథ చెప్పినోడు, 1971 జులై 24న గుంటూరులో పోయినోడు. మన చట్టం ప్రకారం రాసిన మనిషి పోయినాక మరుసటి సంవత్సరం నుంచి అరవై ఏండ్లు ఆయన రచనల మీద హక్కు వారసులకు ఉంటుంది. అంటే 2031 ఆఖరు దాకా. అయినా ఏ పల్లె నాటకంలోనన్నా ఆయన పేరు మైకులో విన్నారా? నేను వినలేదు.

మామ చెప్పేవాడంట. కాటి సీనుకు ముందు, మొహాన బూడిద పూసుకోని, తెర పక్కనుంచి ముందుకొచ్చి, "ఇప్పుడు పాడబోయే పద్యాలు మహాకవి గుర్రం జాషువా గారివి" అని చెప్పి, దండం పెట్టి, లోపలికి పోయి, మళ్ళీ హరిశ్చంద్రుడై వచ్చేవాడంట. కొన్ని ఊర్లల్లో పెద్దమనుషులు "అదంతా ఎందుకు మేష్టరూ, సీను చెడిపోతాంది" అనేటోళ్ళు. చెడిపోతే పోనీ అని మామ. నటుడు వేషంలో ఉండి సొంత మాట మాట్లాడటం నాటకం రూల్సుకు విరుద్ధం. మామ ఆ ఒక్క రూలు మాత్రం ఎప్పుడూ తప్పేవాడు.

వీలునామా రాసింది 2018 ఎండాకాలం. కర్నూల్లో ఆస్పత్రినుంచి గుండె నొప్పికి మందులు తీసుకోని వచ్చిన వారానికి. మావాడు సెలవుల్లో ఊర్లో ఉన్నాడు. "అల్లుడా, ఒక సంతకం పెట్టల్ల" అని పిలిస్తే బ్యాంకు లోను ష్యూరిటీ అనుకోని పోయినాడు. (లెక్చరర్లకు ఊర్లో ఉండే భయం అదే.) పోతే తెల్ల కాగితాలు నాలుగు, మామ చేతిరాత. వీలునామాకు స్టాంపు పేపరు అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. రాసినాయన ఇద్దరు సాక్షుల ఎదుట సంతకమో వేలిముద్రో వెయ్యాల, ఆ సాక్షులు ఆయన ఎదుట సంతకాలు పెట్టాల. 1925 చట్టం ఇంతే అడుగుతుంది. రిజిస్ట్రేషను చేయిస్తే తగాదా వచ్చినప్పుడు బలంగా ఉంటుంది, అది వేరే మాట. ఈ సంగతి మన గేరుల్లో తెలియక, ఖర్చని భయపడి, ఎంతమంది నోటిమాటగా చెప్పి పోతారో మీకు నేను చెప్పనక్కరలేదు.

మామ ఆ కాగితాలు చదివి వినిపించినాడు. మామూలుగా చదివితే మామ ఎందుకైతాడు? గొంతు సవరించుకోని స్టేజీ మీద చదివినట్టు చదివినాడు. "నా స్వార్జితమైన" అనే చోట రాగం తీసినాడంట. పక్కింటోళ్ళు వచ్చి నిలబడినారు. పోస్టుమ్యాన్ "వన్స్ మోర్" అన్నాడంట. అట్లా ఆ వీలునామా గేరంతా విన్నది, రెండుసార్లు.

ఆస్తి ఏముంది? ఎకరా డెబ్బై సెంట్లు డీ పట్టా భూమి. కాలనీలో ఒక గది ఇల్లు. హార్మోనియం. రెండు వెండి మెడల్సు. పద్యాల నోటుబుక్కులు పదకొండు. భూమి, ఇల్లు ఇద్దరు కొడుకులకూ కూతురుకూ సమానంగా రాసినాడు. వీలునామా రాసినప్పటికి డీ పట్టా భూమి ఎట్లాగూ 1977 చట్టం ప్రకారం బయటోళ్ళకు అమ్మగూడదని ఉండేది, వారసులకు పోవాల్సిందే. దానితో తగాదా లేదు. మెడల్సు కూతురుకు. హార్మోనియం, పదకొండు నోటుబుక్కులు మాత్రం "నా శిష్యురాలు" అని ఒకామెకు రాసినాడు.

ఆమె చంద్రమతి వేషం కట్టే మనిషి. ఆదోని వైపు ఊరు. పదహారేండ్లప్పుడు మామ దగ్గరికొచ్చి పద్యం నేర్చుకున్నది. ఇప్పుడు యాభై దాటినాయి. వాళ్ళమ్మ బసివి. దేవతకు విడిచిన ఆడవాళ్ళను మా వైపు అట్లా అంటారు. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే 1947లో దేవదాసీ నిషేధం చట్టం వచ్చింది, మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో ఒకటి వచ్చింది, చట్టాలకు లోటు లేదు. దావా కాగితంలో ఆమె పేరు పక్కన తండ్రి పేరు రాసే చోట తల్లి పేరు ఉందంట. ఆ ఒక్కటి చూసే ఎదుటి లాయరు సగం క్రాస్ తయారుచేసుకున్నట్టున్నాడు.

2021లో, కరోనా రెండోసారి వచ్చినప్పుడు, మామ పోయినాడు. పెద్ద కొడుకు ఇంటికి తాళం వేసినాడు. హార్మోనియం, నోటుబుక్కుల ట్రంకుపెట్టె లోపలే ఉండిపోయినాయి. ఆమె వచ్చి అడిగితే, మా నాయన ఏ వీలునామా రాయలేదు, ఆ సంతకం ఆయనది కాదు, ఒకవేళ ఆయనదే అయినా తాపించి పెట్టించినారు అన్నాడు. మధ్యలో టౌనునుంచి ఒకాయన వచ్చి నోటుబుక్కులు ఇస్తే ఇరవై వేలిస్తా, పుస్తకం వేసుకుంటా అన్నాడంట. ఎవరి పేరుతో వేసుకుంటాడో అడిగే అవసరం కొడుక్కు రాలేదు. ఆమె కోర్టుకు పోయింది. కోర్టు ఆర్డరుతో నోటుబుక్కులు ఇప్పుడు కోర్టులో ఉన్నాయి. హార్మోనియం కొడుకు ఇంట్లోనే ఉంది.

ఇక్కడ ఆగి కొడుకు గురించి చెప్పాల. మనం ఇట్లాంటివి రాసేటప్పుడు కొడుకును దుర్మార్గుణ్ణి చేసేస్తే సులువు. నేను అతన్ని ఒకసారి చూసినా. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏండ్లు పనిచేసి, దుమ్ముతో దగ్గు పట్టి, ఇప్పుడు గేటు దగ్గర కూర్చునే పనిలో ఉన్నాడు. "మా నాయన ఊరూరా రాజు వేషం కడతాంటే మేం ఇంట్లో సంగటి లేక నీళ్ళు తాగి పండుకున్నాం. జొన్నల బస్తాలు వచ్చేవంట, నేను చూడలే. నాలుగో తరగతిలో బడి మానేసినా. ఆ పద్యాలు తిన్నది మా తిండి" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉద్యమాల్లో తిరిగే మన ఇండ్లల్లో కూడా పిల్లలు ఇదే మాట అంటుంటారు, గట్టిగా కాకపోయినా.

మంగళవారం కోర్టు. ముందు చీఫ్ అఫిడవిట్ మీద సంతకం పెట్టాల. ఆమె తరఫు లాయరు తయారుచేసిన అఫిడవిట్‌లో ఒక వాక్యం ఉంది, పదకొండు నోటుబుక్కుల్లోని పద్యాలన్నీ చనిపోయినాయన స్వయంగా రచించినవి అని. మావాడు పెన్ను పెట్టలేదు. "సార్, ఇది నిజం కాదు. అందులో జాషువా పద్యాలున్నాయి. మామ చూసి రాసుకున్నాడు" అన్నాడు. లాయరు మంచోడే, కానీ విసుక్కున్నాడు. అన్నీ ఆయనవే అంటే నోటుబుక్కులకు విలువ ఉంటుంది, ఇది రాతప్రతుల కేసు, నువ్వు మన సాక్షివా వాళ్ళ సాక్షివా అన్నాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది. మావాడు ఆమె మొహం చూసినాడు. ఆమె, "కొట్టేయ్ సార్ ఆ లైను. జాషువా గారివి మావి అంటే ఆయప్ప కాట్లోనుంచి లేచి వస్తాడు" అన్నదంట. ఆ లైను కొట్టేసినారు.

క్రాస్ నలభై నిమిషాలు. మావాడు తెలుగులో చెప్తాంటే జడ్జి గారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తాంటే టైపిస్టు కొడతాంది. తాను చెప్పిన మాట అటుపక్క ఎట్లా మారిపోతాందో వినుకుంటా నిలబడటం వింతగా ఉండిందంట.

"చనిపోయినాయన ఎంతవరకు చదివినాడు?"

"బడికి పోలేదు. పద్యాలు రాసుకోవడానికి ముప్పై ఏండ్లప్పుడు అక్షరాలు నేర్చుకున్నాడు."

"బడికి పోని మనిషి నాలుగు పేజీల వీలునామా రాసినాడంటారు."

"రాసినాడు. చదివి వినిపించినాడు. గేరంతా విన్నారు."

"తాగేవాడా?"

"తాగేవాడు."

లాయరు జడ్జి గారి వైపు చూసినాడంట, దొరికినాడు అన్నట్టు.

"ఆపొద్దు తాగినాడా?"

"లేదు. ఆపొద్దు తాగలేదు. ఆస్పత్రినుంచి వచ్చినప్పటినుంచి మానేసినాడు. కొన్నాళ్ళకు మళ్ళీ మొదలుపెట్టినాడు, అది వేరే సంగతి."

ఆ చివరి మాట ఎందుకు చెప్పినావురా అని నేను అడిగినా. నిజమే కదన్నా అన్నాడు. ఎవరూ అడగని నిజం చెప్పినందుకు ఆమె లాయరు తలపట్టుకున్నాడంట. కానీ నాకనిపిస్తాంది, జడ్జి గారు అంతవరకూ వినని ఒక గొంతు అక్కడ విన్నారని.

తర్వాత ఆమె గురించి. ఆమెకూ చనిపోయినాయనకూ ఏం సంబంధం? గురువు, శిష్యురాలు. అంతేనా? అంతే. ఆమె తల్లి ఎవరో తెలుసా? చంద్రమతి వేషం కట్టి ఊర్లు తిరిగే ఆడమనిషికి పెండ్లాం పిల్లలున్న మగమనిషి ఆస్తి ఎందుకు రాస్తాడు? వెనకబెంచీల్లో ఎవరో నవ్వినారు. మావాడు కొంచెంసేపు ఊరుకోని, "ఆస్తి పిల్లలకు రాసినాడు సార్. పని శిష్యురాలికి రాసినాడు" అన్నాడంట. జడ్జి గారు ఆ మాట డిక్టేట్ చేయకముందే లాయరు ఇంకో ప్రశ్న వేసినాడు. ఆ వాక్యం రికార్డులోకి ఎక్కిందో లేదో తెలియదు. ఇక్కడ నేను ఎక్కిస్తున్నా.

అది విన్నప్పుడు నాకు బెంగళూరు నాగరత్నమ్మ గుర్తొచ్చింది. దేవదాసి కుటుంబంలో 1878లో పుట్టిన గాయని. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అచ్చు వేయిస్తే మద్రాసు ప్రభుత్వం బూతు అని నిషేధించింది. తిరువయ్యారులో పాడుబడి ఉన్న త్యాగరాజు సమాధి చుట్టూ స్థలం కొని గుడి కట్టించింది. ఆమె సొమ్ముతో కట్టిన ఆ చోటే ఉత్సవాల్లో ఆడవాళ్ళను పాడనియ్యకపోతే 1927లో ఆడవాళ్ళతో విడిగా ఆరాధన పెట్టించింది. 1952లో పోయేముందే తన ఆస్తిని ఆ సమాధి కోసం ట్రస్టుకు రాసిపెట్టింది. ఆమె దగ్గర రాసివ్వడానికి నగలు, ఇల్లు ఉన్నాయి, మద్రాసులో పెద్ద లాయర్లు తెలుసు. మా ఆదోని బసివి బిడ్డ దగ్గర ఎవరో రాసిచ్చిన కాగితం ఉంది, దాన్ని నిలబెట్టడానికి ఒక లెక్చరరు ఉన్నాడు.

ఇంక జాషువా ప్రశ్న వచ్చింది. ఎదుటి లాయరు కూడా తెలివైనోడే.

"నోటుబుక్కుల్లో ఉన్నవి జాషువా గారి పద్యాలు. అంటే కాపీ కొట్టినవి. అవునా?"

"కొన్ని జాషువా గారివి. కాపీ కొట్టినవి కాదు, రాసుకున్నవి. తమరు నాలుగో నోటుబుక్కు తీసి చూడండి సార్."

తీసినారు. ప్రతి పద్యం కింద కుడిపక్క ఒక అక్షరం. జాషువా పద్యం అయితే "జా". బలిజేపల్లిది అయితే "బ". ఎవరిదో తెలియకపోతే ఒక సున్న. తాను రాసిందయితే "మన". పదకొండు నోటుబుక్కుల్లో ఒక్క పద్యం కింద కూడా అక్షరం లేకుండా లేదంట. ముప్పై ఏండ్లప్పుడు అక్షరాలు నేర్చుకున్న మనిషి, ఎవరిది ఎవరికి చెందుతుందో అట్లా లెక్క రాసిపెట్టుకున్నాడు. పెద్ద పెద్ద పండితులు, సినిమావాళ్ళు చేయని పని అది. జడ్జి గారు తానే నోటుబుక్కు తీసుకోని కొన్ని పేజీలు తిప్పి చూసినారంట.

"మన" అని ఉన్నవాటిల్లో ఒక పూర్తి నాటకం ఉంది. తొమ్మిది, పది నోటుబుక్కులు. హరిశ్చంద్ర కథే, కానీ వీరబాహుని ఇంటి వైపునుంచి. మావాడు ఒక సీను చెప్పినాడు. కొత్తగా పనికొచ్చిన రాజుకు వీరబాహుని పెండ్లాం సంగటి ముద్ద పెడుతుంది. రాజు తినకుండా తన రాత తలుచుకోని ఏడుస్తాంటాడు. ఆమె అడుగుతుంది: నువ్వు ఒక్కరోజు చేసినందుకు ఇంత ఏడుస్తాండావే సామీ, మేం పుట్టినప్పటినుంచి చేస్తాండాం, మా కోసం ఎవరన్నా పద్యం రాసినారా? ఆ సీను ఏ ఊర్లోనూ ఆడలేదు. ఆడనియ్యరని మామకు తెలుసు. రాసి పెట్టుకున్నాడు, అంతే.

అందుకే ఈ కేసు నాకు హార్మోనియం కేసు లాగా అనిపించడం లేదు. లా చదివే మన పిల్లలు 1957 కాపీరైట్ చట్టం ఇరవయ్యో సెక్షన్ ఒకసారి తీసి చదవండి. అచ్చు కాని రచన రాతప్రతిని వీలునామాలో ఒకరికి రాసిస్తే, వేరేగా చెప్పకపోతే, ఆ రచన మీద హక్కు కూడా వాళ్ళకే రాసిచ్చినట్టు లెక్క. మామకు ఆ సెక్షన్ తెలిసే అవకాశం లేదు. కానీ నోటుబుక్కులు ఎవరి చేతికి పోతాయో ఆ నాటకం వాళ్ళ చేతికి పోతుంది. టౌను ఆయన ఇరవై వేలకు కొనాలనుకున్నది కాగితాల బరువు కాదు. రాసినోని పేరు ఉండాల్సిన హక్కు ఇంకోటి ఉంది, అది యాభై ఏడో సెక్షన్, డబ్బుకు అమ్మేసినా పోనిది. దాని గురించి జాషువా మీద విడిగా రాస్తాను.

కాగితాలు తాళంలో పడితే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? బాబాసాహెబ్ 1956 డిసెంబరు 6న పోయినప్పుడు అచ్చు కాని రాతప్రతులు పెట్టెలకొద్దీ ఉన్నాయి. వారసత్వం తేలక అవి కోర్టు కస్టడీలోకి, అక్కడినుంచి ప్రభుత్వ అధికారి కస్టడీలోకి పోయినాయి. మహారాష్ట్ర ప్రభుత్వం వసంత్ మూన్ సంపాదకత్వంలో మొదటి సంపుటం తెచ్చింది 1979లో. ఇరవై మూడేండ్లు. మనం గోడ మీద బొమ్మ పెట్టుకోని జై భీమ్ అంటాన్నప్పుడు ఆయన రాసింది పెట్టెల్లో ఉంది. అంబేద్కర్ కాగితాలకే ఇట్లా అయితే, డ్రామా మేష్టరు నోటుబుక్కులకు కోర్టు బీరువాలో చెదలు పట్టకుండా ఎన్నాళ్ళు?

క్రాస్ చివర్లో లాయర్లు వరుసగా అడిగేవి ఉంటాయి. వీలునామా మీరంతా కలిసి పుట్టించినారు. అనడం నిజం కాదు. సంతకం చనిపోయినాయనది కాదు. అనడం నిజం కాదు. మీరు ఆమె కోసం అబద్ధం చెప్తున్నారు. అనడం నిజం కాదు. మావాడు అన్నిటికీ అదే జవాబు చెప్పి, సంతకం పెట్టి, దిగినాడు. హరిశ్చంద్రుని మీద ఇన్నేండ్లు పద్యాలు విన్నాం గదన్నా, నిజం చెప్పడానికి ఇంత చెమట పడుతుందని ఏ పద్యంలోనూ లేదు అన్నాడు.

నాకు ఫోన్ చేసింది ఇదంతా చెప్పడానికి కాదు. బయటికొచ్చినాక జరిగింది చెప్పడానికి.

కోర్టు ఎదురుగా టీ బంకు. పెద్ద కొడుకు అక్కడే ఉన్నాడు. మావాడు మొహం తిప్పుకోని పోబోతే, "బామ్మర్దీ, టీ తాగిపో" అన్నాడంట. తాగినారు. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అతను అడిగినాడు, "ఆ పుస్తకాల్లో ఇంకేముంది?" అని. ఇంట్లో తాళం వేసి పెట్టుకున్నాడే గానీ ఎప్పుడూ విప్పి చూడలేదంట. చదవడం సరిగా రాదు కదా, నాలుగో తరగతి.

మావాడు చెప్పినాడు. నోటుబుక్కుల వెనక పేజీల్లో లెక్కలున్నాయి. ఏ ఊరు, ఎన్ని రోజులు, ఎన్ని బస్తాలు ఒప్పుకున్నారు, ఎన్ని ఇచ్చినారు, బాకీ ఎంత. చాలా ఊర్ల ఎదురుగా బాకీ అనే ఉంది. ఇచ్చినవాటి ఎదురుగా ఖర్చు. షాపుకారికి వడ్డీ. అమ్మకు మందులు. పెద్దోనికి చెప్పులు. పెద్దోనికి పలక. పెద్దోనికి చెప్పులు అని మళ్ళీ.

అతను గ్లాసు బల్ల మీద పెట్టి, "ఆ పలక నాకు గుర్తుంది" అన్నాడంట. ఇంకేం అనలేదు. పోతా పోతా, ఆ వెనక పేజీలు మటుకు జిరాక్స్ తీసి ఇయ్యగలవా అని అడిగినాడు. అవి కోర్టులో మార్క్ అయిన పుస్తకాలు, కాపీ కావాలంటే మీ లాయరుతో అర్జీ పెట్టించుకోవాల, పేజీకి ఇంతని కట్టాల అని మావాడు చెప్పినాడు. "పెట్టిస్తా" అన్నాడంట.

వాయిదా వచ్చే నెలకు పడింది.

జై భీమ్.